తిరుపతిని ఊబి రహిత జిల్లాగా ప్రకటించాలి

తిరుపతిని ఊబి రహిత జిల్లాగా ప్రకటించమని ప్రభుత్వానికి మనవి. అర్హతలన్నీ ఉన్నాయి. ఊబి పుట్టాలంటే సన్న ఇసుక, కాస్త బంకమన్ను, వాటి నిండా నీళ్లు ఉండాలి. స్వర్ణముఖి ఏట్లో మొదటిదాన్ని ట్రాక్టర్లకెత్తి ఎప్పుడో సాగనంపాం. నీళ్ల సంగతి కార్తీక మాసం వానలు చూసుకుంటాయి.

ఎక్కడో పొరపాటున నాలుగు తట్టల ఇసుక మిగిలిపోయి ఉండొచ్చు కనుక, ప్రజాహితం కోరి కొన్ని జాగ్రత్తలు.

సినిమాల్లో విలన్ తలతో సహా మునిగిపోయి, చివరికి చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. ఊబికి అంత ఓపిక లేదు. దాని సాంద్రత నీటికి దాదాపు రెట్టింపు, మనిషిది ఇంచుమించు నీటి అంతే. అందుకే నడుం దాకా దిగి ఆగిపోతాడు. ఊబి పట్టుకుంటుందే గానీ మింగదు. ప్రాణం తీసేవి ఆ తర్వాత వస్తాయి: సముద్రం పక్కనైతే పోటు, ఏట్లోనైతే వరద, కాకుంటే ఎండా దాహమూ.

కాలు కదిపితే ఇసుక నీరుకారుతుంది, ఆగితే కిందికి దిగి కాలి చుట్టూ గట్టిగా బిగుసుకుంటుంది. సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున పాదం లాగాలన్నా ఓ మాదిరి కారును ఎత్తేంత బలం కావాలని 2005లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు లెక్క తేల్చారు. మనవాళ్లు మాత్రం చంకల కింద మోకు వేసి, ఆరుగురు కలిసి "లాగరా!" అంటారు. కీళ్లు ఊడతాయి, కాలు అక్కడే ఉంటుంది.

చేయాల్సింది వేరు. భుజాన ఉన్న సంచీ పారేయండి. ఫోను పారేయరని తెలుసు, మంచిదే, 112కి కొట్టండి. మంచం మీద వాలినట్టు వెనక్కి వాలి చేతులు చాపండి. కర్ర ఉంటే వీపు కింద అడ్డంగా పెట్టుకోండి. ఒక్క కాలినే చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు మెల్లగా ఆడిస్తే, సందులోకి నీళ్లు దిగి ఇసుక వదులవుతుంది. అది తేలాకే రెండోది. ఆలస్యమైనా ఫర్వాలేదు, తన్నుకోవద్దు. తర్వాత వెల్లకిలానే గట్టుకు జరగండి. కాపాడేవాళ్లు పలకో నిచ్చెనో పరిచి దాని మీద పడుకుని రావాలి, నిలబడి కాదు.

ఇంత విద్యా ఏట్లో ఇసుక కోసం పొక్లెయిన్ తవ్విన గుంత దగ్గర పనికిరాదు. వానకు నిండిందంటే పైకి ఏరంతా ఒకే మట్టం. మోకాలి లోతో రెండు నిలువులో దిగితే గానీ తెలియదు. అందులో ఉన్నది వట్టి నీళ్లు కనుక నడుం దగ్గర ఆపే నాథుడు లేడు. అడుగున బురద, అంచు కింద డొల్ల. గట్టున నిలబడ్డవాడి బరువుకే పెళ్ల విరిగి లోపలికి జారుతుంది. కర్రతో పొడిచి చూడనిదే అడుగు వేయకండి. ఎవరైనా పడితే వెనకాలే దూకకండి. దూరం నుంచే చీరో, మూత బిగించిన ఖాళీ క్యానో విసరండి.

గుంతల దగ్గర హెచ్చరిక బోర్డులు పెట్టొచ్చు గదా అంటారేమో. పెడితే అక్కడ గుంత ఉన్నట్టు ఒప్పుకోవాలి. రికార్డుల్లో అక్కడ ఇసుకే ఉంది కనుక, పడ్డవారికి ఊబి జాగ్రత్తలే వర్తిస్తాయి.