ఎంత పాతదైతే అంత మంచిదా? రియోహా వైన్ గురించి తిరుగుతున్న మాటలు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్పెయిన్ రెడ్ వైన్ అంటే రియోహా ద్రాక్షతో చేసేదట, ఎంత పాతదైతే అంత మంచిదట, మాంసంతో తప్ప తాగకూడదట, ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుందట. ఇది నమ్మి ఖరీదైన సీసా కొని, రుచి నచ్చక, ఇక వైనే వద్దనుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మొదటి మాటే తప్పు. రియోహా ద్రాక్ష కాదు, ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నది వెంట ఉన్న ప్రాంతం. అక్కడి ముఖ్యమైన ద్రాక్ష టెంప్రానీయో. త్వరగా పండుతుంది, చెర్రీ, ప్లమ్ రుచులు, ఓ మోస్తరు వగరు ఉంటాయి. పులుపు తక్కువ కాబట్టి కొందరు గ్రాసియానో అనే ద్రాక్ష కలుపుతారు, నిండుదనానికి గార్నాచా అనే మరో ద్రాక్ష. ఇదే టెంప్రానీయో, స్పెయిన్‌లోనే రిబేరా దెల్ దువేరో అనే మరో ప్రాంతంలో ఎత్తైన నేలల మీద, పగలు ఎండకూ రాత్రి చలికీ పెరిగి మరింత ముదురుగా, గట్టిగా తయారవుతుంది. బియెర్సోలో మెన్సియా, హుమీయాలో మొనాస్త్రెల్ అనే వేరే ద్రాక్షలున్నాయి. స్పెయిన్ రెడ్ అంతటినీ ఒకే గాటన కట్టలేం.

ఇక పాతదనం సంగతి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. రియోహా రెడ్‌లో క్రియాన్సా అంటే కనీసం 2 ఏళ్లు నిల్వ చేసినది, అందులో ఏడాది ఓక్ చెక్క పీపాలో. రిసెర్వా 3 ఏళ్లు. గ్రాన్ రిసెర్వా 5 ఏళ్లు, అందులో పీపాలో కనీసం 2, సీసాలో 2. ఇవి నిల్వ కాలాన్ని చెప్తాయి, మార్కులు కావు. 225 లీటర్ల అమెరికన్ ఓక్ పీపాలో ఉన్న వైన్‌కు వనిల్లా, కొబ్బరి వాసన పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ తాజా పండు రుచి తగ్గి ఎండు పండ్లు, తోలు, పొగాకు వాసనలు పైకొస్తాయి. అది నచ్చేవాళ్లకు ప్రాణం, నచ్చనివాళ్లకు దండగ. రియోహాలోనే ఒక భాగమైన రియోహా అలవేసాలో గుత్తులను నలపకుండా తొట్టెలో వేసి చేసే లేత వైన్ ఉంది. ద్రాక్ష పండు లోపలే పులియడం మొదలవుతుంది కాబట్టి వగరు తక్కువ, పండు రుచి ఎక్కువ. దాన్ని ఏళ్ల తరబడి దాచడమంటే చేజేతులా పాడుచేసుకోవడమే.

మాంసంతోనే తాగాలా? ద్రాక్ష కొమ్మల నిప్పు మీద కాల్చిన గొర్రెపిల్ల చాప్స్‌తో రియోహా అద్భుతం, కాదనను. మాంసంలోని కొవ్వు, ప్రోటీన్ వైన్ వగరును తగ్గిస్తాయి. కానీ అదే ప్రాంతంలో చోరీసో (మసాలా పట్టించిన పంది మాంసం సాసేజ్) వేసిన బంగాళాదుంప కూర, ఎర్ర చిక్కుడు గింజలు, టమాటా, ఎర్ర మిరప సాస్‌లో ఉప్పు చేప కూడా ఇష్టంగా తింటారు. రియోహాలోని లోగ్రోన్యో నగరంలో, లౌరెల్ వీధిలో పెనం మీద కాల్చిన పుట్టగొడుగులను రొట్టె ముక్క మీద ఒకదానిపై ఒకటి పేర్చి, పైన ఒక రొయ్య గుచ్చి, వెల్లుల్లి నూనె కారుతుండగా ఇస్తారు. లేత రియోహాకు స్టేక్ కన్నా ఇదే సరైన జోడీ అంటాను. మన గుంటూరు కారం వేపుళ్లతో మాత్రం గ్రాన్ రిసెర్వా తెరవకండి. కారం నాలుక మీద ఆల్కహాల్ మంటను, వగరును పెంచుతుంది. వగరు తక్కువ ఉన్న లేత వైనే నయం.

ఫ్రిజ్ భయం కూడా అక్కర్లేదు. "రూమ్ టెంపరేచర్" అన్నది యూరప్‌లోని చల్లటి ఇళ్లను బట్టి వచ్చిన మాట. రియోహా రిసెర్వాకు 16 నుంచి 18 డిగ్రీలు చాలు, లేతదానికి ఇంకాస్త తక్కువ. హైదరాబాద్ ఎండాకాలంలో గది వేడికి వదిలేస్తే ఆల్కహాల్ ఘాటే ముక్కుకు తగులుతుంది. తాగే ముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మిగిలితే బిరడా బిగించి మళ్లీ అక్కడే పెట్టి, రెండు మూడు రోజుల్లో పూర్తిచేయండి.