ఖోనోమాకి జులైలో వద్దు, అక్టోబరులో వెళ్లండి

వానల్లో నాగాలాండ్ వెళ్తే ఖోనోమా అనే ఊరు తప్పక చూడాలని ఒక వ్యాసంలో రాశారు. ఊరు అందంగా ఉంటుందన్నది నిజమే, కానీ రాజధాని కోహిమా నుంచి 20 కిలోమీటర్లే కదా అని జులైలో బయల్దేరితే ఇబ్బందే. బురద, కొండచరియల భయం, పైగా మబ్బు కమ్మేస్తే కింద వరి మడులు కూడా కనబడవు. కోతల ముందు, అక్టోబరులో వెళ్తే ఆ మడులన్నీ పసుపు రంగులో ఉంటాయి.

ఇంకోటి, ఆ వ్యాసంలో "పచ్చని ఊరు" అని సరిపెట్టేశారు, చరిత్ర ఏదండీ? 1879 అక్టోబరులో బ్రిటిష్ పొలిటికల్ ఆఫీసర్ డామంట్‌ని ఇక్కడి నాగా తెగవాళ్లు అంగామీలు చంపింది ఇక్కడే, తర్వాత నెలల తరబడి యుద్ధం నడిచింది. ఊళ్లో కోట చూడకుండా రావద్దు.

నాకు మాత్రం అన్నిటికంటే నచ్చింది ఆల్డర్ చెట్ల సంగతి. పోడు పొలాల్లో ఈ చెట్లను మొదలంటా నరకరు, పైన కొమ్మలు కొట్టి మళ్లీ చిగురించనిస్తారు, వాటి వేర్లలో గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు ఉంటాయి కాబట్టి నేల సారం అంత త్వరగా పోదు. మన మన్యంలో పోడు మీద వాదించుకునేవాళ్లు (రెండు వైపులా!) ఒకసారి వెళ్లి చూస్తే బాగుంటుంది. 1998లో ట్రాగోపాన్ అనే అరుదైన అడవి పక్షుల కోసం అడవిని కేటాయించి వేట మానేసింది కూడా ఊరివాళ్లే.

దిమాపూర్ దాకా రైలుంది. ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్లు నాగాలాండ్‌లోకి వెళ్లడానికి కావాల్సిన అనుమతి) ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, అందరూ చర్చిలో ఉంటారు, టీ కూడా దొరకడం కష్టం.