క్రూయిజ్ క్యాజువల్ వారికి, ఒక పంచె తరఫున

మహారాజశ్రీ క్రూయిజ్ క్యాజువల్ వారి దివ్యసముఖమునకు,

రాత్రి భోజనానికి ఏ బట్టలు కూడునో తేల్చే నియమంగా తమరు ఏలుతున్న ఈ విహార ఓడలో, మూడో అంతస్తు భోజనశాల గుమ్మం బయట నిలబడిపోయిన ఒక కుటుంబం తరఫున నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ, తమ సోదరులు స్మార్ట్ క్యాజువల్, రిసార్ట్ క్యాజువల్, ఎలిగెంట్ క్యాజువల్, కంట్రీ క్లబ్ క్యాజువల్ గార్లూ కులాసా అని తలుస్తాను. మీలో ఎవరు పెద్దో ఎవరు చిన్నో, ఎవరికి కాలర్ కావాలో ఎవరికి బూట్లు కావాలో లోకంలో ఎవరికీ అంతుబట్టలేదు. మిమ్మల్ని కన్నవాళ్ళకైనా తెలుసో లేదో.

ఓడ యాప్‌లో అభిప్రాయాలు రాసే గడి రెండు వాక్యాలకే నిండిపోయింది. నా దగ్గరున్నది అంతకంటే కాస్త ఎక్కువ. అందుకని ఉత్తరం.

టికెట్లు అమ్మేటప్పుడు తమరు ఎంత మర్యాదస్తులండీ! టైలు అక్కర్లేదన్నారు, కోట్లు అక్కర్లేదన్నారు, ఇది మీ సెలవు, మీకు నచ్చినట్టు ఉండండి అన్నారు. డబ్బు పూర్తిగా కట్టేసి, రద్దు చేసుకుంటే పైసా తిరిగిరాని గడువు కూడా దాటాక ఈమెయిల్ వచ్చింది. రాత్రి భోజనానికి మగవాళ్ళు ఏం వేసుకోవాలో అందులో ఒక్క ముక్క. ఏం వేసుకోకూడదో మాత్రం చాంతాడంత. నిక్కర్లు కూడదు, చేతుల్లేని బనియన్లు కూడదు, బేస్‌బాల్ టోపీలు కూడదు, ఈత బట్టలు కూడదు, మగవాళ్ళ చెప్పులు కూడదు. మా ఆవిడ కాలివేళ్ళు పదీ గోళ్ళరంగుతో సహా దర్జాగా లోపలికి వెళ్ళొచ్చు. నా వేళ్ళకు మాత్రం ఘోషా.

సరే, చెప్పారు కదా అని ప్యాంట్లు సర్దుకున్నాను. టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో సామాను స్కాన్ చేసి, అందులోంచి ఇస్త్రీపెట్టె బయటికి లాగి, రసీదు చేతిలో పెట్టి పట్టుకుపోయారు. నిప్పు భయమట. భయం నిజమే, కాదనను. నడిసముద్రంలో ఓడకి నిప్పంటుకుంటే ఎటు పరిగెడతాం? కానీ ఇస్త్రీపెట్టె లాక్కున్న చేత్తోనే నలగని ప్యాంటు అడగడమేమిటి? ఓడలో ఇస్త్రీ చేయిస్తారట, ప్యాంటుకి ఇంత అని. ఆ రేటు చూశాక నలిగిన ప్యాంటే అందంగా కనబడింది.

ఇవన్నీ చిల్లర. అసలు సంగతి మోకాలు.

పగలంతా ఈ ఓడ నిండా మోకాళ్ళే. ఈత కొలను చుట్టూ, లిఫ్టుల్లో, మెట్ల మీద, కాసినోలో, బొమ్మల వేలం దగ్గర, అన్ని వయసుల మోకాళ్ళు, ఎండకి కమిలినవీ సన్‌స్క్రీన్ పూసినవీ. తమరికి చీమ కుట్టినట్టయినా ఉండదు. సాయంత్రం ఆరు దాటగానే అదే మోకాలు అసభ్యం. అదీ అన్నిచోట్లా కాదు. పైన ఈత కొలనుండే లైడో డెక్ బఫేలో నిక్కరుతో కూర్చుని కడుపు పగిలేదాకా తినొచ్చు. మూడో అంతస్తులో కూడదు. కోడి అదే, బంగాళాదుంప అదే. అంతస్తు మారేసరికి మోకాలికి మైల వచ్చింది. పోనీ లోపల ఏదైనా గంభీరమైన సభ జరుగుతుందా అంటే, భోజనం సగంలో పాట పెడతారు, వెయిటర్లు బల్లల మధ్య గెంతుతారు, జనమంతా నాప్‌కిన్లు తలమీద గిరగిరా తిప్పుతారు. తిప్పేవాళ్ళ కాళ్ళకి ప్యాంటు ఉండాలి, అంతే.

మోకాలు అంత తప్పుడు అవయవమైతే స్కాట్లాండ్ వాళ్ళ సంగతేమిటి? పైన నల్లకోటూ బో టై, కింద కిల్టు అనే గళ్ళ పావడా, మధ్యలో రెండు మోకాళ్ళూ బాహాటంగా. వాళ్ళ పెళ్ళి విందుల్లో అంతకంటే ఘనమైన వేషం లేదు. బెర్ముడాలో ఆఫీసులకి వెళ్ళే పెద్దమనుషులు కోటూ టై కట్టుకుని, కింద నిక్కరు, మోకాలి దాకా మేజోళ్ళు వేసుకుంటారు. బెర్ముడా తమ ఓడలు ఆగే రేవే కదా. అక్కడ ఆఫీసుకి పనికొచ్చిన నిక్కరు ఇక్కడ తమరి నత్తల కూర తినడానికి పనికిరాలేదా?

నిక్కరుతో లోపలికి పోవాలని కాదు ఈ వాదన. నేను ప్యాంటు వేసుకునే వెళ్ళాను. ఇవాళ రాత్రి గుమ్మంలో ఆగిపోయింది మా నాన్న.

మా నాన్నది అమలాపురం. కాలవల డిపార్ట్‌మెంటులో ఉన్నన్నాళ్ళూ ప్యాంటు తొడుక్కున్నారు. రిటైరైన రోజు ఇంటికొచ్చి దాన్ని దండెం మీద పడేసి "ఇక చాల్రా" అన్నారు. అమెరికా వస్తూ అమ్మా ఆయనా తెచ్చిన పెట్టెలు ఒక్కోటి 23 కిలోలు. వాటిలో ఆవకాయ, కందిపొడి, పూతరేకులు పోగా మిగిలిన చోట అమ్మ చీరలు, ఆ చీరల మడతల్లో నాన్న పంచెలు. ఇవాళ కట్టుకున్నది వాటిలోకెల్లా మంచిది, పొందూరు ఖద్దరు. శ్రీకాకుళం జిల్లాలో ఆడవాళ్ళు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తోనే గింజ తీసి, రాట్నం మీద సన్నటి నూలు వడికి, మగ్గం మీద నేసిన బట్ట. (మా నాన్న చేప ముట్టరు. దవడ సంగతి ఆయనకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, తమరూ చెప్పకండి.) గంజి పెట్టిన ఆ తెల్ల పంచె మడమల దాకా ఉంది. పైన పొడుగుచేతుల చొక్కా, దానికి కాలర్ కూడా ఉంది. చెప్పులు కూడదన్నారని మా అబ్బాయి నల్ల బూట్లు అడిగి తొడుక్కున్నారు. తమరి కాగితంలోని ప్రతి ముక్కనీ ఆ పెద్దాయన తమరికంటే శ్రద్ధగా చదివారు.

మా ముందు ఒకాయన వెళ్ళాడు. జీన్స్. రెండు మోకాళ్ళ దగ్గరా పెద్ద చిరుగులు. చిరిగినవి కాదు, చింపి అమ్మినవి. ఆ సందుల్లోంచి రెండు మోకాళ్ళూ బయటికి తొంగిచూస్తున్నాయి. "గుడ్ ఈవినింగ్ సర్" అంటూ లోపలికి పంపారు. ప్యాంటే కదా మరి. ఆ వెనక మా నాన్న, మడమ పైన వెంట్రుకవాసి కనబడని మనిషి. గుమ్మం దగ్గరి అమ్మాయి నవ్వు నవ్వుగానే ఉంచి, చూపు కిందికి దించి, "వన్ మొమెంట్ సర్" అని సూపర్‌వైజర్‌ని పిలిచింది.

అమ్మా మా ఆవిడా అప్పటికే లోపల. కుట్టు లేని చీర తమరికి సమ్మతమే. ఆ పక్కనే నిలబడ్డ ఎనిమిది మూరల కుట్టు లేని పంచె మాత్రం సమస్య.

సూపర్‌వైజర్ ప్లాస్టిక్ తొడుగు వేసిన కాగితం తీసి వేలు పెట్టి పైనుంచి కిందకి చదివాడు. నిక్కరా? కాదు. ఈత బట్టా? కాదు. తువ్వాలా? నాన్న ఆ వేలినే చూస్తూ, "ఏరా, ప్యాంటు లేకపోతే అన్నం పెట్టరా వీళ్ళు?" అన్నారు. ఆయన ఏమన్నారని సూపర్‌వైజర్ నన్ను అడిగితే, బాగుందన్నారని చెప్పాను. సూపర్‌వైజర్‌ది ఫిలిప్పీన్స్‌లోని మనీలా. వాళ్ళ దేశంలో పెళ్ళికొడుకు నుంచి దేశాధ్యక్షుడి దాకా పల్చటి బరోంగ్ చొక్కా ఇన్‌షర్ట్ చెయ్యకుండానే వేడుకలకి వెళ్తారు. నా బాధ ఆయనకి అర్థమైందని మొహమే చెప్పింది. కాగితానికి అర్థం కాలేదు. వెనక వరుస పెరుగుతోంది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ మా నాన్న నడుం కిందకి చూసి పోతున్నారు.

అప్పుడు ఆయన బీరువా తెరిచి, గొంతు తగ్గించి, ఎంతో దయగా ఒక నల్ల ప్యాంటు తీశాడు. ఇలాంటప్పటికని ఉంచుతారట. ఉతికిందే సర్, కావాలంటే ఆ పక్కనున్న బాత్‌రూమ్‌లో మార్చుకోవచ్చు సర్ అన్నాడు.

ఎవడి ప్యాంటయ్యా అది? ఎంతమంది తొడిగి విప్పిన ప్యాంటు? డెబ్బై దాటిన మనిషిని, మనవడి ఎదుట, కట్టుకున్న శుభ్రమైన బట్ట బాత్‌రూమ్‌లో విప్పించి, ముక్కూ మొహం తెలియనివాడి ప్యాంటు తొడిగిస్తావా? దాన్ని మర్యాద అంటావా నువ్వు? తుంటి మీద ఎలాస్టిక్ జారిపోతున్న ప్యాంటు పట్టుకుని ఆయన చేప వద్దు, నత్త వద్దు, పప్పుందా అని అడిగితే నీ భోజనశాల గౌరవం నిలబడుతుందా?

మా పంచెకి నువ్వు నేర్పేదేమిటి? 2019 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ పంచె కట్టుకుని వెళ్ళి స్వీడన్ రాజు చేతి మీదుగా నోబెల్ తీసుకున్నాడు. ఆ సభలో మిగతా మగవాళ్ళు దాదాపు అంతా తోకకోటూ తెల్ల బో టై. రాజుకి లేని అభ్యంతరం రాత్రి పదకొండింటికి పిజ్జా పంచే ఓడకి వచ్చింది. 2014లో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు పంచె కట్టుకున్నాడని ఏకంగా హైకోర్టు జడ్జినే గుమ్మంలో ఆపేసింది. ఆ ఏడాదే తమిళనాడు అసెంబ్లీ, పంచె కట్టినవాళ్ళని అలా ఆపితే జైలే అని చట్టం చేసింది. నీ అదృష్టం, ఆ చట్టం మెక్సికో అఖాతం దాకా రాదు.

మీ తాత ఫార్మల్ గారు నీకంటే నయం. ఆయనకి దయ లేదు గానీ దాపరికమూ లేదు. నల్లకోటు, బో టై, మెరిసే బూట్లు అని ముఖాన చెప్పేవాడు. ఉన్నవాడు వచ్చేవాడు, లేనివాడు మానేవాడు. పాత ఓడల్లో ఎక్కిన రాత్రీ దిగే ముందు రాత్రీ ఆయనే సెలవు ఇచ్చేవాడు, ట్రంకు పెట్టెలు విప్పి ఉండవని. ఎర్ర సముద్రపు ఉక్కకి తట్టుకోలేక కోటు విప్పుకుంటామంటే ఇంగ్లీషు దొరలకి ఆయనే సరేనన్నాడు. చొక్కా మీద మన దగ్గర నేర్చుకున్న కమర్‌బంద్ అనే నడుంపట్టీ బిగించుకుని డిన్నరుకి కూర్చునేవాళ్ళు. 1912లో టైటానిక్ మునిగే రాత్రి గుగెన్‌హైమ్ అనే కోటీశ్వరుడు స్వెటరు విప్పేసి, డిన్నరు సూటు తొడుక్కుని మరీ మునిగాడట. పిచ్చే కావచ్చు. కానీ ఏం తొడుక్కోవాలో ఆయనకి తెలుసు. నీ ఏలుబడిలో ఓడ మునిగితే జనం నిక్కరా ప్యాంటా అని కాగితం వెతుక్కుంటూ పోతారు.

ఇంకో సంగతి. సూపర్‌వైజర్ ఆ ప్యాంటు మళ్ళీ బీరువాలో పెట్టేశాక, నన్ను ఓదారుద్దామని అదే కాగితం వెనక్కి తిప్పి చూపించాడు. రేపు ఫార్మల్ నైట్. సూటు, టక్సీడో, లేదా "జాతీయ దుస్తులు". సర్, రేపైతే మీ నాన్నగారు నిక్షేపంగా రావచ్చు అన్నాడు. అంటే, పంచె కోటూ టై సరసన కూర్చోవడానికి పనికొస్తుంది. మోకాలి చిరుగుల జీన్స్ సరసన కూర్చోవడానికి పనికిరాదు. ఇది విని నాన్న, "చెప్పావు కాదేరా, మరీ బాగా తయారయ్యామన్నమాట" అని నవ్వుతూ లిఫ్టు వైపు నడిచారు. లోపలున్న అమ్మని పిలుచుకురమ్మంటే, ఆవిడ వస్తూ బల్ల మీది రొట్టెలు రెండు నాప్‌కిన్‌లో చుట్టుకుని తెచ్చింది. ఆ నాప్‌కిన్ ఇంకా మా గదిలోనే ఉంది. కేసు పెట్టుకో.

పైన బఫేలో మా నాన్న అన్నమూ పప్పూ పెట్టించుకుని, నిక్కర్ల మధ్య కూర్చుని తృప్తిగా తిన్నారు. అక్కడ ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, ఒక చిన్నపిల్ల తప్ప. అది ఆ గుడ్డ పడిపోకుండా ఎలా నిలబడుతుందని అడిగింది. ఆయన నడుం దగ్గర ముడి చూపించి వివరించారు. నీ సిబ్బంది అడగని ప్రశ్న అది.

రేపు ఆరింటికి వస్తాం. ఇదే పంచె. మీ తాతగారి పాలనలో కూర్చుని నీ మీద చాడీలు చెప్పుకుంటూ తింటాం. ఎల్లుండి మళ్ళీ నీ రాత్రి. ఎల్లుండీ పంచేనట, అడిగి మరీ రాస్తున్నాను. కాబట్టి పంచె అనే మాటని ఆ కాగితంలో ఏ వరుసలో రాస్తావో, కూడునా కూడదా, రేపటిలోగా తేల్చు. గుమ్మం దగ్గరి ఆ అమ్మాయిని మళ్ళీ ఇరికించకు. తన తప్పేమీ లేదు.

ఇట్లు,
కిటికీ లేని గదిలోని ప్రయాణికుడు

తా.క.: ఇస్త్రీపెట్టె రసీదు నా దగ్గర భద్రంగా ఉంది, గాల్వెస్టన్‌లో దిగేటప్పుడు చూపించి తీసుకుంటాను. ఈలోగా తమరి కాలరేమైనా నలిగి ఉంటే వాడుకోవచ్చు. కాస్త వేడెక్కువ పెడుతుంది, జాగ్రత్త.