‘బాగానే’ అన్న పాపానికి

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా అక్కావాళ్ళింట్లో ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటూ నేనొక మాట జారాను. టీవీలో వార్తల మధ్య అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్‌ని చూపించారు. ‘ఈ అమ్మాయి బాగానే పాడుతుంది’ అన్నాను.

మా మేనకోడలి ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ‘బాగానే ఏంటి మావయ్యా?’

సరిగ్గా అదే క్షణంలో అటుపక్క నుంచి మా బావ: ‘బాగా ఏంటోయ్?’

ఒక్క మాటలో తండ్రీ కూతుళ్ళకి చెరో ముక్క గుచ్చుకుంది. ఆమెకి ‘నే’, ఆయనకి ‘బాగా’. తెలుగులో ఆ ‘నే’ ఎంత ప్రమాదమో నాకు తెలియనిది కాదు. పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళు ‘పిల్ల బాగానే ఉంది’ అంటే ఆ సంబంధం తప్పిపోయినట్టే. కొత్త కోడలి వంటని ‘బాగానే ఉందమ్మా’ అన్న మామగారికి రాత్రి మజ్జిగతో సరిపెడతారు. అయినా నేను తిట్టలేదు కదా, ఆ పిల్ల పాడుతుంటే విన్నాను, నచ్చింది, చెప్పాను. నా నేరం అంతవరకే.

ఆ రోజు నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, టేలర్ స్విఫ్ట్ విషయంలో ఈ భూమ్మీద రెండే రెండు పౌరసత్వాలున్నాయి. ఒకటి మా మేనకోడలిది, రెండోది మా బావది. పాట వస్తే విని, అయిపోయాక తన పని తాను చూసుకునే నాలాంటివాడికి రేషన్ కార్డు లేదు.

ముందు మేనకోడలి పక్షం చెప్తాను. వాళ్ళది వినడం కాదు, వేదాధ్యయనం. 2019 ఫిబ్రవరిలో ఆ గాయని కొన్ని తాటిచెట్ల లాంటి చెట్ల బొమ్మ పెట్టింది. మనమైతే ‘ఎక్కడికో టూర్ వెళ్ళినట్టుంది’ అనుకుంటాం. అభిమానులు చెట్లు లెక్కపెట్టారు. ఏడు. అంటే ఏడో ఆల్బమ్ సిద్ధమైందన్నమాట. అక్కడితో ఆగితే అది మామూలు భక్తి. పైన ఆకాశంలో చుక్కలు లెక్కపెట్టారు. 61. సరిగ్గా 61 రోజులకి, ఏప్రిల్ 26న, కొత్త పాట వచ్చింది! మన పంచాంగకర్తలు గ్రహణం ఎప్పుడో గణించగలరు కానీ, బొమ్మలో చుక్కల్ని బట్టి పాట విడుదల చెప్పడం వాళ్ళకి చేతకాలేదు.

చిక్కేమిటంటే, ఒకసారి లెక్క కుదిరాక ఇంక లెక్కకి అంతులేదు. ఆమెకి 13 అదృష్ట సంఖ్య. పుట్టింది డిసెంబర్ 13. కాబట్టి గోళ్ళ రంగు, గుండీల సంఖ్య, కంచెలో కన్నాలు, అన్నిటికీ భాష్యం కావాలి. మా మెదక్ జిల్లావాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిది ఒక్క ముక్కా రాయనని మాట ఇచ్చాడు. పాపం, ఆయనకి అన్ని కట్టుబాట్లుండేవి. ఈ వ్యాఖ్యాతలకి అలాంటి ఇబ్బందులేవీ లేవు.

ఇక మా బావ పక్షం. ‘ఆ పిల్ల పాటల్లో ఏముందోయ్, వదిలేసినవాళ్ళ మీద ఫిర్యాదులు తప్ప’ అంటాడు. అని, ఆ వదిలేసినవాళ్ళ పేర్లు వరసగా చెప్తాడు. ఏ ఏడాది ఎవరితో ఉంది, ఏ పాట ఎవరి మీద, ఎవరింట్లో మఫ్లర్ మర్చిపోయింది, అన్నీ కంఠస్థం. కూతురు ఒకచోట తడబడితే ఆయనే సరిదిద్దాడు. ఘంటసాల తర్వాత పాట వినలేదని ప్రమాణం చేసే మనిషి ఇదంతా ఎప్పుడు చదివాడా అని ఆశ్చర్యపోయాను. ‘తెలుసుకోకుండా ఎలా తిడతామోయ్’ అన్నాడు. న్యాయమే కదా.

అమెరికాలో మా బావలు కోట్లలో ఉన్నారు. 2023 సెప్టెంబర్ నుంచి ఆమె తన ప్రియుడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ట్రావిస్ కెల్సీ కోసం స్టేడియాలకి వెళ్ళడం మొదలుపెట్టింది. మూడు గంటలకి పైగా సాగే ప్రసారంలో ఆమెని చూపించేది కాసిని సెకన్లు. ఆ సెకన్ల కోసం కాచుకుని కూర్చుని ‘మళ్ళీ చూపించాడు!’ అని సోఫా మీద గుద్దేవాళ్ళ పట్టుదల ముందు మా మేనకోడలి చుక్కల లెక్క ఏపాటిది? 2024 జనవరిలో ఒక టీవీ వ్యాఖ్యాత, ఈమె అమెరికా రక్షణ శాఖ ప్రయోగించిన అస్త్రం కావచ్చని అనుమానపడ్డాడు. పెంటగాన్ కాదని ప్రకటించాల్సి వచ్చింది. ఆ మరుసటి నెల మాన్‌మత్ విశ్వవిద్యాలయం జనాన్ని అడిగితే, బైడెన్‌ని మళ్ళీ గెలిపించడానికి ఆమెని అడ్డం పెట్టుకుని రహస్య పథకం నడుస్తోందని 18 శాతం మంది నమ్మారు. చెట్లు లెక్కపెట్టేవాళ్ళకీ వీళ్ళకీ తేడా ఒక్కటే. చెట్ల లెక్క తేలింది.

కాబట్టి ఆ భోజనాల బల్ల దగ్గర ఇద్దరు పండితులు, ఒక పామరుడు. పాట గురించి మాట్లాడబోయింది మాత్రం పామరుడే.

అడకత్తెరలో పోకని నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసి కొంత ఊరట కలిగింది. 2024 ఏప్రిల్‌లో ఆమె కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడు పేస్ట్ అనే అమెరికన్ పత్రిక సమీక్ష వేసింది కానీ, రాసినవాళ్ళ పేరు వేయలేదు. 2019లో ఒక ఆల్బమ్ నచ్చలేదన్నందుకు రాసినవాళ్ళకి బెదిరింపులు వచ్చాయట. అందుకని ఈసారి పేరు దాచామని చెప్పారు. మన దగ్గర ఈ పద్ధతి తాతలనాటి నుంచీ ఉంది. ఆకాశరామన్న అంటాం. కాకపోతే ఆయన ఎమ్మార్వో మీదా, హెడ్‌మాస్టర్ మీదా రాసేవాడు. పాట బాలేదని చెప్పడానికి ఆకాశరామన్న అవతారం ఎత్తాల్సిన రోజు వస్తుందని ఎవరు అనుకున్నారు?

అన్యాయంగా మాట్లాడకూడదు, అభిమానుల కష్టం కష్టమే. 2022 నవంబర్‌లో ఆమె ‘ఎరాస్’ పర్యటనకి టికెట్‌మాస్టర్ అనే టికెట్ల సంస్థ అమ్మకాలు తెరిస్తే 350 కోట్ల అభ్యర్థనలు వచ్చిపడి ఆ వ్యవస్థ చతికిలపడింది. మరుసటి జనవరిలో సెనేట్ విచారణ పెట్టింది. సెనేటర్లు గుత్తాధిపత్యం గురించి ప్రశ్నలు వేస్తూ మధ్యలో ఆమె పాటల్లోని మాటలు దూర్చి మురిసిపోయారు. అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరిస్‌లో అయితే 2023 నవంబర్ కచేరీకి ఐదు నెలల ముందే స్టేడియం బయట గుడారాలు వెలిశాయి. వంతులేసుకుని పడుకున్నారు. తిరుమల కంపార్ట్‌మెంట్‌లో ఒక రాత్రి గడిపి జన్మంతా చెప్పుకునే మనం ఇక్కడ నోరు మూసుకోవడం మంచిది.

సియాటిల్‌లో 2023 జులైలో జనం గెంతులకి భూకంప యంత్రాలు కదిలాయి. 2.3 తీవ్రత గల భూకంపంతో సమానమన్నారు. భూమిని కదిలించి ఇళ్ళకి వెళ్ళాక చాలామందికి ఇంకో బాధ మొదలైంది. ఆ రాత్రి ఏం జరిగిందో గుర్తులేదు! ఉద్వేగం హద్దు మీరితే జ్ఞాపకం సరిగ్గా నిలవదని మనస్తత్వ నిపుణులు పత్రికల్లో ఓదార్చారు. వందల డాలర్లు పోసి, మూడు గంటలకి పైగా పాడి, ఏడ్చి, మర్చిపోవడం. మా పక్కింటాయన ఇదే ఫలితం తొంభై రూపాయల్లో సాధిస్తాడు, కాకపోతే ఆయన్ని ఎవరూ ఓదార్చరు.

అన్నిటికన్నా నాకు నచ్చింది మైల వ్యవహారం. 2019లో ఆమె పాత రికార్డుల సంస్థ చేతులు మారింది. దాంతోపాటు మొదటి ఆరు ఆల్బమ్‌ల మూల రికార్డింగులు ఆమెకి నచ్చనివాళ్ళ పరమయ్యాయి. ఆమె ఊరుకోలేదు. 2021 నుంచి 2023 లోపు నాలుగు ఆల్బమ్‌లు మళ్ళీ పాడి విడుదల చేసింది. ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు, తన పాట తన చేతిలో ఉండాలని ఒక మనిషి పడ్డ పట్టుదల అది. టోపీ తీశాను. కానీ ఆ నాలుగేళ్ళూ మా అక్కావాళ్ళింట్లో బతుకు దుర్భరమైంది. అదే పాట, అదే గొంతు. కొత్తది వింటే పుణ్యం, పాతది వింటే ద్రోహం. ఒకసారి కారులో నా ఫోన్లో పొరపాటున పాతది మోగింది. ‘మావయ్యా, దొంగల చేతికి డబ్బు వెళ్తోంది’ అని మేనకోడలు నడిరోడ్డు మీద ఫోన్ లాక్కుంది. తీరా 2025 మే నెలలో ఆమె ఆ మూల రికార్డింగులన్నీ కొనేసుకుంది. ఒక్క ఉత్తరంతో పాతవాటికి మైల తీరింది. నేనిప్పుడు ఏది విన్నా అడిగేవాడు లేడు. అదేమిటో, వినబుద్ధి కావడం లేదు.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను. ఆ పర్యటనలో 149 కచేరీలు, కోటిమందికి పైగా జనం, టికెట్ల మీదే 200 కోట్ల డాలర్ల పైమాట. 2025 అక్టోబర్‌లో వచ్చిన ఆల్బమ్‌ని ముప్పైకి పైగా రకాల అట్టల్లో, రంగుల్లో అమ్మితే ఆన్‌లైన్‌లో విన్న లెక్క కూడా కలిపి తొలివారం అమెరికాలోనే 40 లక్షలు దాటింది. రికార్డు తిప్పే యంత్రమే లేని ఇంట్లో నాలుగు రికార్డులు ఎందుకని బావ అడిగాడు. పూజగదిలో నాలుగు వెంకటేశ్వరస్వామి పటాలు ఎందుకున్నాయని కూతురు తిరిగి అడిగింది. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పర్యటన భారతదేశానికి రాలేదు. ఆగ్నేయాసియాలో ఒక్క సింగపూర్‌కే వచ్చింది, 2024 మార్చిలో 6 రాత్రులు. ఇంకెక్కడా పాడకుండా ప్రోత్సాహకం ఇచ్చామని అక్కడి అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ ఒప్పుకున్నారు కూడా. పొరుగు దేశాలు అలిగాయి. మా మేనకోడలు అలగలేదు, వెళ్ళింది. టికెట్టుకీ విమానానికీ డబ్బు మా బావే ఇచ్చాడు. ‘వెళ్ళొస్తే పిచ్చి వదులుతుంది’ అని ఆయన సిద్ధాంతం. ఆమె కచేరీలో ఉన్నంతసేపూ ఆయన ఏ పాట అయింది, ఏ పాట మిగిలింది అని ఫోన్లో చూస్తూ కూర్చున్నాడట. అక్క చెప్పింది. ‘అమ్మాయి ఎప్పుడు బయటికొస్తుందో తెలియాలి కదా’ అన్నాడు.

ఆ ఏడాది ఆగస్టులో ఉగ్రవాద కుట్ర బయటపడి వియన్నాలో మూడు కచేరీలు రద్దయ్యాయి. ఆమె పాటల్లో ఒకటి కార్నీలియా అనే వీధి మీద ఉంది. వియన్నాలో కార్నీలియస్ అనే పేరుతో ఒక సందు ఉందని ఎవరో కనిపెట్టారు. వేల మైళ్ళు ఎగిరొచ్చి స్టేడియం చూడలేకపోయిన పిల్లలు ఆ సందులో పోగై, తమ పూసల బ్రేస్‌లెట్లు చెట్టుకి కట్టి, పాడుకుంటూ నిలబడ్డారు. మేనకోడలు ఫోన్లో ఆ వీడియో చూపించింది. బావా నేనూ చూశాం. ఆయన ‘పనీపాటా లేదు’ అని గట్టిగా అనబోయి, మెల్లిగా అన్నాడు. నేను ‘బాగానే ఉంది’ అనబోయి మంచినీళ్ళు తాగాను.

ఆ బ్రేస్‌లెట్ల సంగతి ఒకటి మిగిలింది. కచేరీకి వెళ్ళేవాళ్ళు అక్షరాల పూసలతో పాటల పేర్లూ మాటలూ గుచ్చి, ముక్కూముఖం తెలియనివాళ్ళతో ఇచ్చిపుచ్చుకుంటారు. సింగపూర్ నుంచి వచ్చాక మేనకోడలు నాకూ ఒకటి ఇచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో ‘బాగానే’ అని గుచ్చింది, నా నేరం నా చేతికే ఉండాలని. నేను దాన్ని తీయలేదు, కొంత పౌరుషం వల్ల, కొంత ముడి ఊడక.

ఒక సాయంత్రం అమీర్‌పేట మెట్రోలో కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎదురు సీట్లో కాలేజీ అమ్మాయి నా మణికట్టు వంకే చూస్తోంది. పెద్దవాణ్ణి కదా, సీటిస్తుందేమో అనుకున్నాను. వేలు పెట్టి పూసలు లెక్కపెడుతోంది.

‘ఆరు’ అంది పక్కనున్న స్నేహితురాలితో. ‘ఆరో ఆల్బమే! మళ్ళీ పాడిందొస్తోంది.’

తర్వాత నా వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి, ‘డేట్ ఏమైనా తెలుసా అంకుల్?’ అని అడిగింది.