తిరగేసి చూడలేని చీర

మ్యాచింగ్ సెంటర్‌కు వచ్చిన గృహిణి చీర కొంగును గుమ్మం దాకా తెచ్చి, ఎండ వెలుతురులో జాకెట్టు ముక్క పక్కన పెట్టి చూసుకుంటుంది. ట్యూబులైటు కింద కలిసిన రంగు బయట కలవకపోతే మరో తాను దింపించడం అక్కడ మామూలే. ఫోనులో ఆ వీలు లేదు. అయినా ఫాల్సు, లైనింగు, లేసుల బేరం ఆన్‌లైన్‌కు మళ్లుతున్నందుకు జనాన్ని తప్పుపట్టలేం. ధర తగ్గుతుంది, బస్సు ఛార్జీ మిగులుతుంది, చాలా సరుకు నచ్చకపోతే తిరిగి పంపవచ్చు. అప్పు తెచ్చి అరలు నింపుకున్న చిన్న దుకాణదారుకు ఇది గడ్డుకాలమే గానీ, వ్యాపారమన్నాక పోటీ తప్పదు. మా అభ్యంతరమల్లా అచ్చు వేసిన బట్టను పోచంపల్లి చీరంటూ అమ్మే దొంగ పేర్ల గురించే.

పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముందుగా కట్లు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గానికి ఎక్కిస్తారు. అందుకే డిజైను రెండు వైపులా ఒక్కలా ఉంటుంది, దాని అంచులు కాస్త అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అచ్చు వేసిన నకలును తిరగేస్తే రంగు చాలావరకు వెలవెలబోతుంది. చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేయక ముందు, ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే కట్లు కట్టే ముందు నూలును మేకుల చుట్టూ చుట్టడానికి, చేయి దాదాపు 9 వేల సార్లు ఆడాల్సి వచ్చేదట. ఇంత పని ఉన్న చీరను పరిచి చూపిస్తున్న దుకాణదారుతో, కొనవచ్చినవారు ఫోను తీసి ‘ఇదే పోచంపల్లి ఇక్కడ 800కే ఉందిగా’ అంటే ఆయన ఏం చెప్పగలడు? ఫొటోలోని చీరకు వెనుక వైపు ఉండదు.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది; అంటే ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో నేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. చేతి మగ్గం మీద నేసిందని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ ముద్ర చేనేత బట్టకు 2006 నుంచి ఉంది. అమ్మకందారు వివరాలు చూపాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఇన్ని ఉన్నా పేరు కాపాడుకునే భారం చివరికి నేత సంఘాల నెత్తినే పడుతోంది. నూలు కొనడానికే తడుముకునే సంఘం, ఏ ఊళ్లోనో కూర్చున్న అమ్మకందారు మీద దావా ఎలా నడుపుతుంది? పోచంపల్లి పేరు వాడుకునే హక్కుదారుగా (ఆథరైజ్డ్ యూజర్) నమోదైన నంబరు చూపనిదే ఆ పేరుతో ఏ చీరనూ అమ్మకానికి పెట్టనివ్వకుండా అమ్మకపు వేదికలను కట్టడి చేయాలి. భౌగోళిక గుర్తింపుల చట్టం డీఎస్పీ స్థాయి అధికారికి సోదా చేసే అధికారం ఇచ్చింది కనుక, దావా కోసం సంఘాల వైపు చూస్తూ కూర్చోనక్కరలేదు. చేనేత, జౌళి శాఖ తన ఖర్చుతో ఓ పాతిక చీరలు ఆర్డరు పెట్టి తిరగేసి చూస్తే, కేసుకు కావలసిన సాక్ష్యం పార్సిల్లో ఆఫీసుకే వస్తుంది.