పనికొస్తది గారికి, కొలిమి నుంచి

మహారాజశ్రీ మూలనున్న పాత ఇనుప కుప్ప గారికి,

తమరికి ఎదురుగా ఎనిమిది అడుగుల దూరంలో, దాగలి, అంటే సమ్మెట దెబ్బలు కాచే ఇనుప దిమ్మ, దగ్గర నిలబడే కమ్మరి నమస్కరించి వ్రాయునది. ఎనిమిది అడుగులన్నది పోయిన దసరా నాటి లెక్క. ఈ పొద్దున టేపు పెట్టి చూస్తే ఐదున్నర వచ్చింది. నేను జరగలేదు. దాగలి అసలే జరగదు, దాన్ని మోస్తున్న తుమ్మ మొద్దు సగం భూమిలోకి దిగి ఉంది. ఎవరు జరిగారో తమరే సెలవివ్వాలి.

నిన్న మధ్యాహ్నం జరిగింది తమరు కళ్ళారా చూశారు. మళ్ళీ చెప్పక్కర్లేదు. కాని రాత్రంతా నిద్ర పట్టలేదు కాబట్టి చెప్తాను.

గౌడన్న కల్లు గీసే గీత కత్తి పట్టుకొచ్చాడు. అతనిది కూడా కాదు, వాళ్ళ నాయినది. తాళ్ళ మీద అరిగి అరిగి విదియ నాటి చంద్రుడిలా అయ్యింది. అంచు కాస్త సాగగొట్టి మళ్ళీ పదును పట్టమన్నాడు. పిడి ఊడదీస్తే కత్తి తోక బెత్తెడు కూడా లేదు. అంత సన్న తోకను జారకుండా పట్టేది మా కొలిమిలో ఒక్కటే, కాకిముక్కు పటకారు. కత్తిని బొగ్గుల్లో పూడ్చాను, బ్లోయర్ స్విచ్ వేశాను, ఎప్పటిలాగే కుడి పక్కకి చెయ్యి చాపాను.

లేదు.

బ్లోయర్ ఆపి వెతకాల్సింది. ఆ తప్పు నాదే. కాని ‘ఇక్కడే ఉంటది, ఒక్క క్షణం’ అనుకునే మనిషి స్విచ్ ఆపడు. చేత్తో గాలి కొట్టే తోలుతిత్తి ఉన్నప్పుడు ఈ బాధ లేదు. అమ్మ చెయ్యి ఆగితే గాలి ఆగేది, నాయిన ముఖం చూసి గాలి పెంచేది, తగ్గించేది. ఈ బ్లోయర్‌కి కరెంటు ఉందా లేదా అన్నదొక్కటే తెలుసు. దానికి వేరే లేఖ రాస్తాను, అది తర్వాత.

కాకిముక్కు కోసం తమరి మీదికి ఎక్కాను. ముందు తగిలింది రోటవేటర్ బ్లేడు. దాని కింద బోరు మోటారు షాఫ్టు. సైకిల్ చెయిన్లు మూడు, ఒకదానిలో ఒకటి పెనవేసుకుని పాముల్లా. గుంటక పాస. ఎవరిదో బావి గిలక. బావే పూడ్చేసి పదిహేనేళ్ళయ్యింది, గిలక మాత్రం భద్రంగా ఉంది. ఎడ్లబండి ఇరుసును పక్కకి లాగేసరికి పైనున్న బేరింగులన్నీ గోలీల్లా దొర్లి నా కాళ్ళ కిందికి వచ్చాయి. అప్పుడు వెనక చిటపటమని వినిపించింది.

ఆ చప్పుడు ఏ కమ్మరికీ వేరే చెప్పాల్సిన పని లేదు. తిరిగి చూస్తే బొగ్గుల్లోంచి కాకరపువ్వొత్తి వెలిగించినట్టు తెల్లటి చుక్కలు లేస్తున్నాయి. ఉక్కు ఎర్రగా ఉంటే మాట వింటుంది, పసుపు తిరిగితే మనం దాని మాట వినాలి, తెల్లబడి చుక్కలు రాలిందంటే అది కాలిపోయింది. కాలిన ఉక్కుకి మందు లేదు. పెద్ద పటకారుతో ఎలాగో గుంజి దాగలి మీద పెట్టి ఒక్కటేస్తే పాత బెల్లం అచ్చులా పొడిపొడి అయ్యింది. అరవై ఏళ్ళ కత్తి. గౌడన్న ఏమీ అనలేదు. మాట్లాడకుండా బీడీ వెలిగించుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

కాకిముక్కు ఎక్కడుందంటారా? తమరి నెత్తిన, అన్నిటికన్నా పైన, విశ్వకర్మ పథకం 15,000 రూపాయల టూల్‌కిట్టు వచ్చిన ఖాళీ డబ్బాలో. డబ్బా కూడా పనికొస్తదని నేనే అక్కడ పెట్టాను.

నేను ప్రయత్నించలేదని మాత్రం అనకండి. మా మేనల్లుడు మేడ్చల్ వైపు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పోయిన నెల చార్టు మీద స్కేలు పెట్టి ఈ 20 అడుగుల రేకుల షెడ్డుని గీశాడు. చూసి ముచ్చటేసింది. “మామా, నిప్పుకీ దాగలికీ మధ్య ఒక్క అడుగు, ఒక్క మలుపు. అంతకు మించి ఉంటే నువ్వు నడిచే లోపలనే ఇనుము సల్లారుతది” అన్నాడు. నిజమే. సన్న ముక్క నాలుగు దెబ్బలు పడేలోపు ఎరుపు పోగొట్టుకుంటుంది. దాగలి ముఖం ఎంత ఎత్తుండాలో కూడా చెప్పాడు: నిలబడి చెయ్యి వేలాడేసి పిడికిలి బిగిస్తే కణుపులు దానికి తగలాలి. తక్కువైతే నడుము పోతుంది, ఎక్కువైతే భుజం. నీళ్ళ గోలెం చేతికందాలి గాని కాలికి అడ్డం రాకూడదు. నూనె డబ్బాకి మూత ఉండాలి. గ్రైండర్ నిప్పురవ్వలు బొగ్గు బస్తాల వైపు పోకూడదు. వైసు, ఆకురాళ్ళు వెలుతురున్న దిక్కు, నిప్పు మాత్రం నీడన.

ఈ చివరి మాట వాడు చెప్పగానే నాకు నాయిన గుర్తొచ్చాడు. ఆయన షెడ్డుకి పడమటి వైపు ఎప్పుడూ పాత గోనెపట్టా వేలాడదీసేవాడు. ఎండ వేడికి అడ్డమనుకునేవాణ్ణి. కాదు, ఎండ పడితే ఇనుము రంగు తెలియదు. నీడలో నిగనిగలాడే ఎరుపు ఎండలో నల్లగా కనబడుతుంది, ఇంకా కాలలేదనుకుని ఇంకా కాలుస్తాం. పదును పట్టేటప్పుడు అంచు మీద పాకే ఎండుగడ్డి రంగు, దాని వెనకే వచ్చే నీలం ఆ నీడలోనే చూడాలి. గడ్డి రంగు దగ్గర ఆపితే కత్తి, నీలం దాకా పోనిస్తే స్ప్రింగు. ఆ గోనెపట్టా ఇప్పుడు తమరి కింద నాలుగో పొరలో ఉండాలి.

చార్టు అయ్యాక జపాన్ సంగతి మొదలుపెట్టాడు అల్లుడు. పని చోటు సర్దుకునే ఐదు మెట్లు, ఫైవ్ ఎస్ అంటారట. మొదటిది సెయిరి, అంటే పనికొచ్చేది, రానిది వేరు చెయ్యడం. అనుమానమున్న ప్రతిదానికీ ఎర్ర చీటీ కట్టాలి. నెల రోజులు ఎవరూ ముట్టకపోతే బయటికి. చాలా న్యాయంగా అనిపించింది. చీటీలు తేవడం మరిచిపోయి మా ఇంటామె పాత ఎర్ర జాకెట్టు చించి ఆ పీలికలే కట్టాడు. ఇక ఊహించుకోండి. రోడ్డు పక్కన మూడు గోడల షెడ్డు, మూలన నల్లటి గుట్ట, దాని ఒంటి నిండా ఎర్ర పీలికలు.

మూడో నాడు పొద్దున వచ్చేసరికి తమరి ముందు రెండు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ.

వారం తిరక్కుండా కొబ్బరి చిప్ప. శుక్రవారం ఎవరో దీపం కూడా పెట్టారు, అదీ నూనె డబ్బాకి జానెడు దూరంలో. నేను పీలికలు విప్పబోతే మా ఇంటామె చెయ్యి పట్టుకుంది. “పెట్టినోళ్ళు పెట్టిండ్రు, ఇప్పుడు కదిలిస్తే ఏమైతదో” అంది. మొన్న స్కూటర్ మీద పోతున్న ఒకాయన ఆగి, చెప్పులు విడిచి, తమరికి దండం పెట్టి, నా వైపు తిరిగి “ఏ అమ్మవారు?” అని అడిగాడు. ఏం చెప్పను? “పనికొస్తదమ్మ” అన్నాను. ఆయన నవ్వలేదు, కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకున్నాడు. సెయిరి అంతటితో సరి. మిగతా నాలుగు ఎస్‌ల పేర్లు నేను అడగలేదు.

తమరి తరఫు వాదన నాకు తెలుసు. కుప్పలంటే అంత చులకనా, మన నిజామాబాద్ జిల్లాలోనే కోనసముద్రం లేదా అంటారు. ఉంది. అక్కడ మూసల్లో, అంటే మట్టి పాత్రల్లో, పెట్టి కాచిన ఉక్కు దిమ్మల కోసం పారశీకం నుంచి వర్తకులు వచ్చేవాళ్ళని బ్రిటిష్ వాళ్ళ సర్వేలో డాక్టరు వాయిసీ చూసి రాసింది 1832లో అచ్చయ్యింది. మరి ఆ కమ్మరుల కొలుములు పోయినా చిట్టెం, అంటే ఇనుము కరిగాక మిగిలే మడ్డి, పగిలిన మూసలే కదా మిగిలాయి, 2010లో పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో వెతుక్కుంటూ తిరిగింది ఆ కుప్పల కోసమే కదా అని తమరు మీసం మెలేయొచ్చు. అయ్యా, వాళ్ళు ఉక్కు చేసి పక్కన పడేసిన దాన్ని కుప్ప పోశారు. నేను ఏమీ చెయ్యకముందే పోశాను. రెండు వందల ఏళ్ళ తర్వాత ఎవరైనా తమరిని తవ్వితే దొరికేది సైకిల్ చెయిన్లు, నిమ్మకాయ తొక్కలు.

ఇంక తమరు గిమరు లేదు. విను.

నువ్వు పుట్టినప్పుడు ఒక తట్టెడు. నాయిన తట్ట. అందులో కర్రు ముక్కలు, అరిగిన గొడ్డలి తలలు, అంతే. సాయంత్రానికి సగం ఖాళీ అయ్యేది, ఎందుకంటే ఊళ్ళో నాగళ్ళుండేవి, బండ్లుండేవి, రోజూ ఎవరో ఒకరికి అతుకు పడేది. నాయిన పీట మీద కూర్చుని పని చేసేవాడు. ఎడమ చేతికి నిప్పు, ముందర దాగలి, కుడి మోకాలి పక్కన గోలెం, పటకార్లు కొలిమి గట్టు మీద నోరు తనవైపు పెట్టి వరసగా. లేచి నడవాల్సిన పని ఏదీ పెట్టుకోలేదు. సమ్మెట వేసేవాడు తప్ప ఎవరూ నిలబడేవాళ్ళు కాదు. ఆయనకి చార్టు లేదు, జపాన్ తెలియదు, కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే కాకిముక్కు చేతిలోకి వచ్చేది. నేను నిలబడి పని చేద్దామని పెద్ద దాగలి కొన్నాను, ఎత్తు మొద్దు వేయించాను, షెడ్డు పెంచాను. పెరిగిన చోటంతా నువ్వు తిన్నావు. నాగళ్ళు పోయి ట్రాక్టర్లొచ్చాయి, కొడవళ్ళు పోయి హార్వెస్టర్లొచ్చాయి, తెచ్చేవాళ్ళు తగ్గారు, పారేసేవాళ్ళు పెరిగారు. ఊళ్ళో మూలపడ్డ ప్రతి ఇనుప ముక్కకీ “కమ్మరన్న దగ్గరేస్తే ఎందుకన్నా పనికొస్తది” అన్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, “మళ్ళీ తీస్కపోత” అని వచ్చిన పాపాన పోలేదు. నేను కాదనలేదు. రోజంతా ఎవరూ రాని కొలిమిలో కనీసం ఇనుమన్నా వస్తోంది కదా అని.

ఆ మాట నీ దగ్గర ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అన్నాను. పోనీ.

గౌడన్న బీడీ అయ్యాక లేచాడు. పొడైన ముక్కలు ఏరి తువ్వాల్లో కట్టుకున్నాడు. “పోనీ తీ అన్నా. గీ కుప్పల మంచి ముక్క సూసి కొత్తది కొట్టియ్యి. రేపటికి తాళ్ళెక్కాలె” అన్నాడు. మళ్ళీ నీ దగ్గరికే పంపాడు చూడు.

చీకటి పడేదాకా తవ్వాను. లారీ కమాను పట్టీలు తొమ్మిది దొరికాయి. ఏది మంచిదో చూద్దామని గ్రైండర్‌కి ఆనిస్తే చాలావాటి రవ్వలు బాగానే చిట్లి పూలు పూశాయి, కాని వాడేసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్ళుంటాయి, నమ్మలేం. అన్నిటికీ అడుగున, దాదాపు మట్టిలో, ఒక పట్టీ తగిలింది. తుప్పు గోకితే ఉలితో పెట్టిన మూడు గాట్లు. నాయినవి. మూడు గాట్లంటే ‘ఇది చూసి పెట్టాను, వేరేదానికి వాడొద్దు’ అని. ఎప్పుడు పెట్టాడో, ఏ పని అనుకుని పెట్టాడో. ఆయన పోయి 18 ఏళ్ళు. దాని మీద నువ్వు 18 ఏళ్ళు కూర్చుని ఉన్నావు. దాచావనాలో, దాచి చంపావనాలో తెలియక కాసేపు అక్కడే కూర్చున్నాను.

పొద్దున కత్తి లేచింది. అయస్కాంతం అంటుకోవడం మానేసి ఇంకొంచెం ఎర్రబడ్డాక నూనెలో ముంచితే బుసకొట్టింది. అంచు మీదికి గడ్డి రంగు వచ్చే దాకా కాచాను. గోనెపట్టా దొరకలేదు కాబట్టి మా ఇంటామె చీర అడ్డం పెట్టి నిలబడింది. గౌడన్న గోటి మీద చూసుకున్నాడు, చెవి దగ్గర పెట్టుకుని మీటాడు, నాయినది ఇంకా తేలికగా ఉండేదన్నాడు. డబ్బులు నేను తీసుకోలేదు. సాయంత్రం ఒక సీసా పంపాడు, అది తీసుకున్నాను.

పట్టీలో జానెడు ముక్క మిగిలింది. మంచి ఉక్కు. ఎటు విసిరానో చూశావు కదా.

ఇట్లు,
కొలిమి కాడి కమ్మరి

తా.క. పాత ఇనుముకి ఉల్లిగడ్డలిచ్చే ఆటో ఇప్పుడే మైకు పెట్టుకుని వచ్చి షెడ్డు ముందు ఆగింది. నిన్ను చూసి దిగబోయాడు. మీద ఎర్ర పీలికలు చూసి, దండం పెట్టి, వెళ్ళిపోయాడు.