‘ఆడనివ్వండి’ అంటే ఎవరిని?

ఉగాది ఆటల పోటీల చివర్లో, కప్పులు పంచుతూ మన తెలుగు సంఘం అధ్యక్షులవారు మైకులో ఒక మాట అన్నారు. "ఈసారి రెఫరీలు పిల్లల్ని ఆడనివ్వలేదు. వచ్చే ఏడు కాస్త ఆడనిద్దాం." జిమ్ దద్దరిల్లేలా చప్పట్లు. పులిహోర తింటున్నవాళ్ళు కూడా ప్లేట్లు పక్కన పెట్టి మరీ కొట్టారు. వారం తిరక్కుండా కమిటీ నుంచి ఈమెయిల్ వచ్చింది. వచ్చే ఏడాది నుంచి బాస్కెట్‌బాల్‌లో ఐదు ఫౌల్స్‌కి బదులు ఎనిమిది చేస్తేగానీ ఎవర్నీ బయటికి పంపరట. చిన్నాచితకా వాటికి విజిల్ వెయ్యొద్దని రెఫరీలకి ముందే చెప్పి పెడతారట.

ఆ రోజు ఫైనల్ చూసినవాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. రాలేకపోయినవాళ్ళ కోసం చెబుతున్నాను. ఆట మొదలయ్యే ముందు రెఫరీల్లో ఒకావిడ, జుట్టు బాగా నెరిసిన మనిషి, రెండు జట్ల కెప్టెన్లనీ పిలిచింది. ఒక కుర్రాడి నడుం మీద తన ముంజేయి ఆనించి చూపించింది. "ఇలా పెట్టి ఉంచితే ఫౌల్. రెండు చేతులూ వేస్తే ఫౌల్. పొడుస్తూ ఉంటే ఫౌల్. తర్వాత నన్ను అడగొద్దు." ఇద్దరూ తలూపారు. ఆటలో ఇద్దరూ ఆవిడ వద్దన్నదే చేశారు, వాళ్ళ జట్లూ అదే చేశాయి. ఆవిడ చెప్పినట్టే విజిల్ వేసింది. హాఫ్ టైమ్ అయ్యేసరికి మంచి ఆటగాళ్ళు ముగ్గురు బెంచీ మీద తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్నారు. రెండో హాఫ్‌లో ఒకాయన, ఊళ్ళో నలుగురికీ తెలిసిన పెద్దమనిషే, ఫోన్‌లో వీడియో పట్టుకుని స్కోరు టేబుల్ దాకా వెళ్ళారు. "మీరే చూడండి మేడమ్, మావాడు ముట్టుకోలేదు" అని. వీడియోలో వాళ్ళబ్బాయి చెయ్యి అవతలివాడి నడుం మీద స్పష్టంగా కనబడుతూనే ఉంది.

మనం ఉండేది డ్యూక్ యూనివర్సిటీకీ యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినాకీ నడుమ. ఆ రెండు కాలేజీల మధ్య దూరం పది మైళ్ళు. ఆఫీసులో మార్చి నెల వచ్చిందంటే పనికంటే కాలేజీ పోటీల్లో ఎవరు గెలుస్తారో ఊహించి రాసే బ్రాకెట్ల గొడవే ఎక్కువ. ఇక్కడికొచ్చి మనమూ ఆ జట్ల నీలం చొక్కాలు కొనుక్కున్నాం. ఏ నీలమన్నది ఎవరి ఇంటి గొడవ వాళ్ళది. ఇంతమంది కాలేజీ బాస్కెట్‌బాల్ చూసే చోట, మన కమిటీ ఇప్పుడు పెట్టబోయే ప్రయోగం ఆ కాలేజీ ఆటలోనే ఏళ్ళ తరబడి నడిచి విఫలమైందన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

2012 నవంబరులో జార్జ్‌టౌన్, టెనెసీ ఆడిన ఆట స్కోరు 37-36. నలభై నిమిషాల ఆట అది! ఆ తర్వాత రెండు నెలలకి నార్తర్న్ ఇలినాయ్ జట్టు ఒక హాఫ్ మొత్తం ఆడి చేసింది నాలుగు పాయింట్లు. అవి విడ్డూరాలు కావచ్చు గానీ, ఆ ఏడాది మొత్తం మీద చూసినా మగపిల్లల మొదటి డివిజన్‌లో ఒక్కో జట్టు సగటు 67.5 పాయింట్లకి పడిపోయింది. మూడు దశాబ్దాల్లో అంత తక్కువ లేదు. ఫౌల్స్ కూడా అంతే తక్కువ, జట్టుకి ఆటకి పద్దెనిమిది కూడా రాలేదు. ఫౌల్స్ తగ్గితే ఆట శుభ్రంగా ఉన్నట్టు అనుకుంటాం కదా. అక్కడ జరిగింది వేరు. కొట్టుకోవడం, తోసుకోవడం అలాగే ఉన్నాయి, విజిల్ మాత్రం ఆగిపోయింది. "ఆడనివ్వండి" అనే మాటకి రెఫరీలు అలవాటు పడిపోయారు. బంతి పట్టుకుని దూసుకెళ్ళేవాణ్ణి ఒక చేత్తో ఆపి, రెండో చేత్తో తోసి, వాడి దారి మళ్ళించడమే డిఫెన్స్ అయిపోయింది.

2013-14 సీజన్‌కి కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్.సి.ఎ.ఎ. కళ్ళు తెరిచింది. నిజానికి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అప్పటిదాకా రెఫరీలకి సూచనలుగా ఉన్న నాలుగు మాటల్ని రూల్‌గా మార్చింది. బంతి ఉన్నవాడి మీద చెయ్యిగానీ ముంజేయిగానీ ఆనించి ఉంచకూడదు. రెండు చేతులూ వెయ్యకూడదు. చెయ్యి చాపి పదేపదే పొడవకూడదు. చెయ్యి అడ్డుగా పెట్టి వాడి దారి ఆపకూడదు. మన జిమ్‌లో ఆ నెరిసిన జుట్టావిడ చెప్పినవీ ఇంచుమించు ఇవే.

ఆ నవంబరు ఎలా ఉందో చూసినవాళ్ళకి గుర్తే. విజిల్ మీద విజిల్. సీటన్ హాల్, నయాగరా ఆటలో ఫౌల్స్ 73, ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి బదులుగా ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్లు) 102. రెండు గంటల్లో అవ్వాల్సిన ఆటలు సాగుతూనే ఉన్నాయి. కోచ్‌లు చేతులు పైకెత్తి మొత్తుకున్నారు. టీవీలో వ్యాఖ్యాతలు విసుక్కున్నారు. ఇక్కడ మన ఫైనల్లో జరిగిన గోలంతా అక్కడ దేశం మొత్తం మీద జరిగింది. అయినా ఆ ఏడాది ముగిసేసరికి సగటు దాదాపు 71కి చేరింది. కొంతమేర అవి ఫ్రీ త్రోల పాయింట్లే, కాదనను. కానీ చేతులు దింపుకుని కాళ్ళతో డిఫెన్స్ చెయ్యడం కుర్రాళ్ళు నేర్చుకున్నారన్నదీ నిజమే. ఫ్రీ త్రో వెయ్యడం రానివాడికి మాత్రం శాస్తి జరిగింది. ఆ సీజన్ ఫైనల్లో కెంటకీ 24 ఫ్రీ త్రోల్లో 11 పారేసింది, కనెటికట్ పదికి పదీ వేసింది. తేడా ఆరు పాయింట్లు, 60-54.

అసలు కథ ఆ తర్వాతిది. 2014-15లో రెఫరీల పట్టు సడలింది. విజిల్ మళ్ళీ జేబులోకి పోయింది, సగటు మళ్ళీ 67.6కి జారిపోయింది. రూలు పుస్తకంలో ఉంది, కోర్టు మీద లేదు. దాంతో 2015-16లో షాట్ క్లాక్‌ని, అంటే జట్టు షాట్ వెయ్యడానికి ఉన్న గడువుని, 35 సెకన్ల నుంచి 30కి తగ్గించి, బాస్కెట్ కింద ఛార్జ్ తీసుకోకూడని (ఎదురు నిలబడి ఢీకొట్టించుకుని ఫౌల్ రాబట్టకూడని) గీతను మూడడుగుల నుంచి నాలుగడుగులకి జరిపి, అడ్డుకోవడాలూ పట్టుకోవడాలూ ఈసారి నిజంగానే ఫౌల్స్‌గా పలకమని రెఫరీలకి గట్టిగా చెప్పారు. అప్పుడు సగటు 73 దాటింది. కాబట్టి సడలిస్తే ఏమవుతుందో మనం ఊహించక్కర్లేదు. ఒక ఏడాది సడలించి చూశారు, ఏమైందో లెక్కల్లో ఉంది.

నాకు ఈ ఫైనల్ ఇంతగా ఎందుకు పట్టిందంటే, నేను ఆడిన ఆట కమిటీ వాళ్ళు ఇప్పుడు కోరుకుంటున్న ఆటే. మా డిగ్రీ కాలేజీలో సిమెంటు కోర్టు. ఒక పక్క రింగుకి వల ఉండేది, రెండో పక్క లేదు. మా పీడీ గారు సైకిల్ స్టాండు నీడలో కుర్చీ వేసుకుని, చేతిలో టీ గ్లాసుతో, మెడలో స్టీలు విజిల్‌తో కూర్చునేవారు. ఆ విజిల్ ఆట మొదలైనప్పుడు ఒకసారి, అయిపోయాక ఒకసారి మోగేది. మధ్యలో ఎవడైనా కింద పడితే "లే, లే, ఆడు" అనేవారు. ఫౌల్ అడిగితే "రక్తం వచ్చిందా?" అనేవారు. అంత మంచి మనిషి మళ్ళీ కనబడలేదు నాకు. బూట్లు కొనుక్కోలేని పిల్లలకి తన జీతంలోంచి కొనిచ్చేవారు, ఎవరికీ చెప్పనిచ్చేవారు కాదు. మేం పక్క ఊరికి ఆటకి వెళ్తే టిఫిన్ ఖర్చు ఆయనదే. ఆయన విజిల్ వెయ్యకపోవడం కూడా ప్రేమే అనుకునేవాళ్ళం. మమ్మల్ని గట్టిపడనిస్తున్నారు అనుకునేవాళ్ళం.

ఇంటర్ కాలేజ్ పోటీలకి వేరే ఊరు వెళ్ళినప్పుడు మాత్రం తెలిసొచ్చేది. ఆ ఊళ్ళో రెఫరీ ఆ ఊరి పీడీయే. ఒక ఆటలో నన్ను కాపలా కాసినవాడు ఆట మొదలు చివరిదాకా నా నిక్కరు నాడా దగ్గర రెండు వేళ్ళు దూర్చి పట్టుకున్నాడు. నేను కదిలితే వాడూ కదిలేవాడు. నేను మలుపు తిరగబోతే లాగేవాడు. పైనుంచి చూసేవాడికి ఏమీ కనబడదు, నేనే తడబడుతున్నట్టు ఉంటుంది. ఎలాస్టిక్ సాగిపోయి, రెండో హాఫ్‌లో ఒక చేత్తో నిక్కరు, ఒక చేత్తో డ్రిబుల్. జనం నవ్వారు. రెఫరీ కూడా నవ్వాడు. మా జట్టులో అందరికంటే పొట్టి, అందరికంటే వేగం నేనే. ఆ వేగానికి ఆ రోజు విలువ లేకుండా పోయింది. పట్టుకోవడమే ఆట అయితే చక్కగా కబడ్డీ ఉంది, అందులో పట్టుకోవడానికి పాయింటు కూడా ఇస్తారు.

మన వాళ్ళకి ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, అందుకే పూర్తిగా కోప్పడలేను. కరెంటు పోయినా, బస్సు రాకపోయినా, పెళ్ళివారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా సర్దుకుపోతూ పెరిగాం. పోనీలే అనడం మనకి మర్యాద. ఫౌల్ అడిగేవాడు గొడవమనిషి. కానీ ఆ పోనీలే ఎప్పుడూ ఒకే వైపునుంచి వస్తుంది. పట్టుకున్నవాడు ఎప్పుడూ "పోనీలే, వదిలేస్తాను" అనడు. పట్టుబడ్డవాడే "పోనీలే" అనాలి.

మన పిల్లల్ని ఒకసారి వరసగా నిలబెట్టి చూడండి. ఆరడుగులు దాటినవాళ్ళు జట్టుకి ఒకరుంటే గొప్ప. మిగతావాళ్ళంతా చురుకైన గార్డులు, అంటే బంతి నడిపే పొట్టివాళ్ళు. చెయ్యి ఆనించి ఆపకూడదనే ఈ హ్యాండ్ చెకింగ్ రూల్ ఎవరికోసం ఉందంటే ఇలాంటివాళ్ళ కోసమే. భుజబలం ఉన్నవాడు చెయ్యి వేసి ఆపగలడు. చెయ్యి వెయ్యకూడదంటే కాళ్ళు వేగంగా కదిలినవాడిదే పైచేయి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్.బి.ఎ. కూడా 2004-05 నుంచి దీన్ని గట్టిగా అమలు చెయ్యడం మొదలుపెట్టాక చిన్న గార్డుల ఆట ఎలా విచ్చుకుందో చూశాం. ‘పిల్లల్ని ఆడనివ్వడం’ పేరుతో కమిటీ ఆడనివ్వబోయేది ఏ జట్టులోనైనా ఒళ్ళున్న ఇద్దరు ముగ్గురినే. మిగతా ఏడుగురు ఎనిమిదిమంది నాలాగా నిక్కరు పట్టుకుని తిరగాలి.

ఆడపిల్లల జట్ల సంగతి మీటింగులో ఎవరూ ఎత్తలేదు. మూడేళ్ళ కిందట మన పోటీల్లో వాళ్ళవి నాలుగు జట్లుండేవి, ఈసారి రెండే. ఎందుకు మానేశావని మా అమ్మాయి స్నేహితురాల్ని అడిగితే మోచెయ్యి చూపించింది. "అంకుల్, గోళ్ళు. ప్రతిసారీ గోళ్ళు." అప్పట్లో మన రెఫరీలు మనవాళ్ళే, వాలంటీర్లు. ఆడపిల్లల ఆటే కదా అని కుర్చీలోంచి లేచేవాళ్ళు కూడా కాదు.

కమిటీ వాదనలో పస లేదని నేను అనడం లేదు. తల్లిదండ్రులు రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చేది తమ పిల్లాడు బెంచీ మీద కూర్చుంటే చూడ్డానికి కాదు. మొదటి హాఫ్‌లో రెండు ఫౌల్స్ పడగానే కోచ్‌లు భయపడి మంచి ఆటగాణ్ణి కూర్చోబెట్టేస్తారు. కాలేజీల్లోనూ అదే జరుగుతుంది, అది నిజంగానే నష్టం. ఎన్.సి.ఎ.ఎ. కూడా 2016లో ఎన్.ఐ.టి. అనే సీజన్ చివరి కాలేజీ పోటీల్లో ఆరు ఫౌల్స్ పెట్టి చూసింది, ఆ తర్వాత మామూలు ఆటలో ఐదే ఉంచింది. విజిల్ ఎక్కువైతే జట్లు జోన్ డిఫెన్స్‌లోకి (మనిషిని కాక చోటుని కాపలా కాయడంలోకి) వెళ్ళిపోతాయి, ఆట నత్తనడక నడుస్తుంది, అదీ ఒప్పుకుంటాను. మన జిమ్ అద్దె గంటకింతని. ఆటలు సాగితే కోశాధికారికి టెన్షన్.

వీటికి మందులు వేరే ఉన్నాయి. ఆడపిల్లల కాలేజీ ఆటని 2015-16లో పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు చేశారు. జట్టు ఫౌల్స్ లెక్క ప్రతి క్వార్టర్‌కీ మళ్ళీ సున్నా నుంచి. ఐదో ఫౌల్ నుంచి రెండు ఫ్రీ త్రోలు. ఆట చకచకా నడుస్తుంది, చివరి పది నిమిషాలూ ఫ్రీ త్రో గీత దగ్గర గడవవు. మనమూ అలా ఆడొచ్చు. ఐదు ఫౌల్స్ తక్కువ అనిపిస్తే ఆరు చేద్దాం. ఎనిమిదంటే మాత్రం ఒక్కొక్కడు కావాలని ఏడుసార్లు కొట్టొచ్చని ముందే పర్మిషన్ ఇచ్చినట్టు.

ప్రాక్టీసుల్లో చెయ్యగలిగింది కూడా ఉంది. చేతిలో టెన్నిస్ బంతి పట్టుకుని డిఫెన్స్ చేయించడం ఇక్కడి కోచ్‌ల పాత పద్ధతి. వేళ్ళు మూసుకుని ఉంటే పట్టుకోవడం కుదరదు, కాళ్ళు కదపక తప్పదు. ఫిబ్రవరిలో గుడి హాలు వెనక పార్కింగ్‌లో మనవాళ్ళు పిల్లలకి ప్రాక్టీసు పెడతారు కదా, అక్కడ ఒక డబ్బా బంతులు పెడితే చాలు. డబ్బా నేను కొనిస్తాను. కాలేజీ కుర్రాళ్ళకి సర్దుకోవడానికి ఒక నవంబరు పట్టింది. మనవాళ్ళకి ఒక ఫిబ్రవరి ఇవ్వలేమా?

ఇంకొక్కటి. ఆ రెఫరీగారు ఆట అయ్యాక తన బ్యాగ్ తీసుకుని పక్క గుమ్మం నుంచి వెళ్ళిపోయారు. భోజనానికి ఉండమని అడిగినవాళ్ళు లేరు. మన ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపం కదా. కమిటీ తరఫున ఎవరైనా ఆవిడకి ఫోన్ చేసి, వచ్చే ఏడు మళ్ళీ రమ్మని, ఇదే రూల్ ఇలాగే అమలు చెయ్యమని అడగాలని నా మనవి. తల్లిదండ్రులు స్కోరు టేబుల్‌కి పదడుగుల అవతలే ఉండాలని ఒక పసుపు టేపు కూడా అంటిద్దాం.

ఎనిమిది ఫౌల్స్ తీర్మానం ఇంకా కార్యవర్గం ఆమోదానికి రాలేదు. జూన్ సమావేశం అజెండాలో చేర్చమని కార్యదర్శిగారికి రాశాను, చేరుస్తామన్నారు. జీవిత సభ్యులందరికీ ఓటుంది. చాలామంది ఓటు వెయ్యడానికి ఎన్నికలప్పుడు తప్ప రారు. ఈసారి రండి, ఆడపిల్లల్ని కూడా తీసుకురండి, మోచేతుల సంగతి వాళ్ళే చెబుతారు.